బోరు నీళ్లతో కడిగిన కారును మచ్చ పడకుండా, గీత పడకుండా ఆరబెట్టడం

ముదురు నీలం రంగు కారు కొన్న తొలి వేసవిలో, ఏప్రిల్ నెలలో ఒక ఆదివారం పొద్దున పదిన్నరకు దానిని ఇంటి ముందు నిలిపి బోరు నీళ్లతో శుభ్రంగా కడిగాను. తుడవడానికి బట్ట తీసుకోబోతుంటే మా నాన్న అరుగు మీద నుంచే వారించారు. "ఎండ గింత కొడుతుంటే తుడుసుడెందుకు బిడ్డా, గదే ఆరుతది గదా" అన్నారు. నాకూ ఆ మాట సబబుగానే తోచి, బట్ట పక్కన పెట్టి లోపలికి వెళ్లాను. అరగంట తర్వాత వచ్చి చూస్తే బానెట్ మీద, టాప్ మీద, ముందు అద్దం మీద కందిగింజంతవి కొన్ని, రూపాయి బిళ్లంతవి కొన్ని తెల్లని వలయాలు లెక్కపెట్టలేనన్ని కనిపించాయి. కంగారుపడి పొడి తువ్వాలుతో గట్టిగా రుద్దాను. వలయాలు పోలేదు సరికదా, మరునాడు ఎండలో చూస్తే వాటి చుట్టూ సాలెగూడును పరిచినట్టు సన్నని గీతలు తేలాయి.

ఆ కారును ఊళ్లోనే ఉన్న ఒక డెంటింగ్, పెయింటింగ్ మేస్త్రీ దగ్గరికి తీసుకువెళ్లాను. ఆయన ఫోన్ లైటు వెలిగించి, బానెట్‌కు జానెడు ఎత్తులో వాలుగా పట్టుకొని నన్ను వంగి చూడమన్నారు. వలయం మధ్యలో ఏమీ లేదు. తెలుపంతా అంచునే ఉంది. గోటితో గీకితే గరుకుగా తగిలింది. "ఇది మరక గాదు సార్, నీళ్ల సున్నం. మీరు గుడ్డతోని రుద్దిన్రు, గీతలు పడ్డయి. సున్నమైతే పోతది, గీతలు పాలిష్ వేస్తెనే పోతయి" అన్నారు. కారు కడగడమంటే నీళ్లు పోయడం, షాంపూ రుద్దడం అనుకొని, ఆరబెట్టడం ఎండ పని అనుకున్న నాకు ఆ రోజు అసలు సంగతి అర్థమైంది. మన ప్రాంతపు నీళ్లతో కడిగినప్పుడు మొత్తం పనిలో జాగ్రత్తగా చేయవలసింది ఆ చివరి పావుగంట పనే.

మన నల్గొండ జిల్లాలో ఈ మచ్చల బెడద ఎందుకు ఇంత తీవ్రమో చెప్పాలి. నల్గొండ నేల కింద ఉన్నది చాలావరకు గ్రానైటు, దాని జాతి రాయి. మిర్యాలగూడ దాటి దామరచర్ల, వాడపల్లి వైపు పోతే సిమెంటు ఫ్యాక్టరీలకు ఆధారమైన సున్నపురాయి తగులుతుంది. బోరులో పడే నీరు ఈ రాళ్ల పగుళ్లలో ఏళ్ల తరబడి నిలిచి, కాల్షియాన్ని, మెగ్నీషియాన్ని, ఇతర లవణాలను కరిగించుకొని పైకి వస్తుంది. బకెట్ల అంచులకు, గీజర్ లోపల, కూలర్ గడ్డికి పట్టే గార అదే. తాగునీటికి భారత ప్రమాణాల సంస్థ పెట్టిన హద్దుల ప్రకారం నీటి కఠినత్వం లీటరుకు 200 మిల్లీగ్రాములు మించకూడదు. వేరే దిక్కు లేని చోట 600 వరకు ఒప్పుకుంటారు. నీటిలో కరిగిన మొత్తం ఘనపదార్థాలకు, అంటే అందరూ టీడీఎస్ అని పిలిచే దానికి, ఆ హద్దులు 500, 2000. చిన్న టీడీఎస్ పెన్ను కొని మా బోరు నీళ్లలో ముంచితే అంకె వెయ్యి దాటింది. వెయ్యి అంటే ఒక లీటరు నీరు ఆవిరైపోతే ఒక గ్రాము పొడి మిగులుతుందని అర్థం. కడిగిన కారు మీద నిలిచే నీరు అంతా ఎండకే ఆరిపోతే, అందులోని లవణమంతా రంగు మీదే మిగులుతుంది. అది గాలిలోకి పోదు.

ఇక్కడ ఒక పొరపాటు అభిప్రాయాన్ని సరిచేయడం నా బాధ్యత అనుకుంటాను. కారు మీద తెల్ల మచ్చలు చూడగానే మన జిల్లాలో చాలామంది "ఫ్లోరిన్ నీళ్లు గదా" అంటారు. మర్రిగూడ లాంటి మండలాల్లో ఫ్లోరైడు మనుషుల ఎముకలను ఎంత వంచిందో చూసినవాళ్లకు నీళ్లలో ఏ చెడు కనిపించినా ఆ పేరే నోటికి రావడం సహజం. కానీ ఫ్లోరైడుకు తాగునీటిలో గరిష్ఠ హద్దు లీటరుకు 1.5 మిల్లీగ్రాములు, ఆ హద్దుకు కొన్ని రెట్లు ఉన్నా అది మనిషికి విషం, కారు రంగు మీద మాత్రం కంటికి ఆననంత స్వల్పం. మచ్చ కట్టేవి లీటరుకు వందల మిల్లీగ్రాముల చొప్పున ఉండే కాల్షియం, మెగ్నీషియం లవణాలు. కాబట్టి ఫ్లోరైడు తక్కువగా ఉన్న ఊరి బోరు అయినా మచ్చ వేయదని నమ్మకూడదు.

మచ్చ వలయంగానే ఎందుకు ఏర్పడుతుందో తెలిస్తే ఆరబెట్టడంలో తొందర ఎంత అవసరమో తెలుస్తుంది. బండ మీద ఒలికిన చాయ్ చుక్క ఆరిపోతే, చుట్టూ చిక్కని గీత, మధ్యలో పలుచని రంగు మిగలడం అందరూ చూసినదే. చుక్క అంచున నీరు పలుచగా ఉండి ముందు ఆవిరవుతుంది. ఆ లోటు పూడ్చడానికి మధ్యలోని నీరు అంచుకు పారుతూ తనలో ఉన్నదంతా అక్కడికి మోసుకుపోతుంది. బోరు నీళ్ల చుక్కలోనూ అదే జరుగుతుంది. పైగా నీటిలో కరిగి ఉన్న కాల్షియం బైకార్బొనేట్ నీరు ఆవిరయ్యే కొద్దీ కార్బన్ డయాక్సైడును వదిలి, నీటిలో సులభంగా కరగని కాల్షియం కార్బొనేట్‌గా మారుతుంది. అందుకే ఒకసారి ఆరిన మచ్చ మీద మళ్లీ అవే నీళ్లు ఎన్ని బకెట్లు పోసినా అది కదలదు. చుక్క తడిగా ఉన్నంతసేపే మనకు అవకాశం.

గీతల సంగతి వేరు. కారు రంగు మీద పారదర్శకంగా ఉండే క్లియర్ కోట్ అనే పై పొర మందం సాధారణంగా 40 నుంచి 50 మైక్రాన్లు, అంటే మన తల వెంట్రుక మందం కంటే కూడా తక్కువ. మన రోడ్ల దుమ్ములో ఉండే ఇసుక రేణువు, ముఖ్యంగా గ్రానైటు అరిగి రాలిన పలుగురాయి రేణువు, అద్దం కంటే గట్టిది. క్లియర్ కోట్ దాని ముందు మైనం వంటిది. తుడిచే బట్ట ఎంత మెత్తనిదైనా, దాని కింద ఒక్క రేణువు చిక్కితే గీత గీసేది రేణువే. కాబట్టి గీతలు పడకుండా ఆరబెట్టడం అనే పని నిజానికి కడిగేటప్పుడే మొదలవుతుంది. షాంపూ పెట్టకముందే పైపు నీళ్లతో దుమ్మును పూర్తిగా జార్చాలి. కింది బురద పట్టిన భాగాలను చివరికి ఉంచాలి. ఆఖరి కడుగులో అద్దాల అంచుల్లో, బంపర్ సందుల్లో దాగిన మట్టి కూడా పోవాలి. చేత్తో తడిమితే ఇంకా గరుకు తగులుతున్న కారును తుడవడం మొదలుపెట్టకూడదు. మరొక మాట కూడా ఇక్కడే చెప్పాలి: రోజూ పొద్దున్నే దుమ్ము పట్టిన కారును పొడి గుడ్డతో దులిపి తుడిచే అలవాటు మన దగ్గర ఇంటింటా ఉంది. ఏడాదికి మూడు వందల సార్లు ఇసుకతో రుద్దినట్టే అది. కడిగిన తర్వాత ఎంత జాగ్రత్తగా ఆరబెట్టినా ఆ అలవాటు మానకపోతే ఫలితం ఉండదు.

ఇప్పుడు నేను చేసే పద్ధతి చెబుతాను. వేసవిలో ఉదయం ఆరు గంటలకల్లా మొదలుపెట్టి ఏడు దాటకుండా ముగిస్తాను. ఎండ 44 డిగ్రీలు దాటే రోజుల్లో ఏడున్నరకే టాప్ రేకు వేడెక్కి, పోసిన నీళ్లు పోసినట్టే ఎగిరిపోతాయి. సాయంత్రం కడగవలసి వస్తే బానెట్ మీద అరచేయి పెట్టి చూస్తాను. చల్లగా తగిలితేనే నీళ్లు ముట్టుకుంటాను. ప్రయాణం నుంచి రాగానే కడిగితే ఇంజను వేడికి బానెట్ మాత్రం ముందే ఆరి మచ్చలు పడతాయి. చెట్టు నీడ మంచిదే కానీ వేప చెట్టు కింద పూత, ఆకు రాలుతూ ఉంటాయి. గోడ నీడ అంతకంటే మేలు. షాంపూ తోమేటప్పుడు ఒక పక్క పని చేస్తుండగా రెండో పక్క ఆరిపోతుంటే దాని మీద మధ్యమధ్య నీళ్లు చల్లుతూ, ఆఖరి కడుగు వరకు కారంతా తడిగానే ఉండేలా చూస్తాను.

ఆఖరి కడుగులో ఒక చిన్న మెలకువ ఉంది, దానితోనే సగం పని తీరుతుంది. పైపు మూతిని వేలితో నొక్కి చిమ్మితే నీరు వేల చుక్కలుగా పగిలి రేకు మీద నిలుస్తుంది. అలా కాకుండా నొక్కకుండా, మూతికి ఏమీ తగిలించకుండా, పైపును టాప్‌కు దగ్గరగా పట్టుకొని సన్నని ధారగా నిదానంగా పారిస్తే, ఆ పారే నీరు ముందే నిలిచి ఉన్న చుక్కలను తనలో కలుపుకొని ఒకే పరదాలా కిందికి జారిపోతుంది. టాప్ నుంచి మొదలుపెట్టి, అద్దాలు, బానెట్, డిక్కీ, తలుపుల మీదుగా ఇలా దింపితే తుడవవలసిన నీరు చాలా తగ్గుతుంది. రంగుకు రక్షణగా మైనం (వ్యాక్స్) పట్టించిన కారు మీద ఇది మరీ బాగా జరుగుతుంది. అయితే మైనం వేశాం, సిరామిక్ కోటింగ్ అనే గట్టి రక్షణ పూత వేశాం కాబట్టి తుడవనక్కర లేదని కొందరు అనుకుంటారు. అది తప్పు. కోటింగ్ మీద నీరు ముత్యాల్లా గుండ్రంగా నిలుస్తుంది. ఆ ముత్యం ఎండలో ఆరితే అందులోని లవణమంతా చిన్న చోట చిక్కగా పేరుకుంటుంది.

ఆ ఆఖరి కడుగుకు ఏ నీళ్లు వాడాలనేది మా ఇంట్లో చాలాకాలం చర్చకు వచ్చిన విషయం. నల్లా నీళ్లలో టీడీఎస్ మా బోరు నీళ్లలో మూడో వంతు కూడా ఉండదు. వాటితో కడిగితే మచ్చలు బాగా తగ్గుతాయి. కానీ 2015లో చౌటుప్పల్‌లో మిషన్ భగీరథ తాగునీటి పథకం పైలాన్ ఆవిష్కరించిన నాటి నుంచి ఇంటింటికీ కృష్ణా నీళ్లు వచ్చేదాకా, ఈ జిల్లా తాగునీటి కోసం ఎంత ఎదురుచూసిందో నాకు తెలుసు. ఆ నీళ్లను కారు మీద పారబోయడానికి నా మనసు ఒప్పలేదు. చివరికి ఏసీ నుంచి బొట్లుబొట్లుగా కారే నీళ్లు అక్కరకు వచ్చాయి. గాలిలోని ఆవిరి చల్లని గొట్టాల మీద పట్టి నీరైనది కాబట్టి అందులో రాతి లవణాలు ఉండవు. పెన్ను ముంచితే రెండంకెల సంఖ్యే చూపించింది. గొట్టం కింద క్యాను పెట్టి, పలుచని గుడ్డలో వడకట్టి, మందు కొట్టే చిన్న చేతి పంపులో పోసుకుంటాను. షాంపూ పోయేదాకా బోరు నీళ్లు వాడి, ఆ పైన ఈ నీళ్లు ఐదారు లీటర్లు టాప్ మీద నుంచి కిందికి చల్లితే మిగిలిన బోరు నీరు పలుచబడి జారిపోతుంది. ఏప్రిల్, మే నెలల పొడిగాలిలో ఏసీ నీళ్లు తక్కువగా వస్తాయి, వాన పడ్డాక ఎక్కువగా వస్తాయి. చలికాలంలో ఏసీ ఆగిపోయినప్పుడు పట్టి ఉంచిన వాన నీళ్లు వాడతాను.

ఇంట్లో వాటర్ ఫిల్టర్ బయటికి వదిలే నీళ్లను పారబోయలేక కారు కడగడానికి దాచే ఇళ్లు చాలా ఉన్నాయి. నీళ్లు వృథా కాకూడదన్న ఆలోచన గొప్పదే. కానీ ఆర్‌ఓ యంత్రం మంచి నీటిని ఒక పక్కకు తీసి, లవణాలన్నీ కూడగట్టి వదిలేది ఆ రెండో గొట్టంలోకే. అవి బోరు నీళ్ల కంటే కూడా చిక్కని ఉప్పు నీళ్లు. నేల కడగండి, బాత్‌రూమ్‌లో వాడండి, కారు చక్రాల బురద వదిలించండి. ఆఖరి కడుగుకు మాత్రం వద్దు.

ఇక తుడిచే బట్ట. పాత లుంగీ, నూలు తువ్వాలు, చిరిగిన బనియన్ ఇంట్లో దొరుకుతాయి కాబట్టి అందరం వాటినే వాడతాం. నూలు బట్ట నీరు పీలుస్తుంది, కానీ దాని అల్లిక చదునుగా ఉంటుంది; రేణువు తగిలితే లోపలికి పోయే చోటు లేక రంగుకూ బట్టకూ మధ్యనే దొర్లుతుంది. కుట్టు అంచులు, గుండీలు ఉంటే చెప్పనక్కర లేదు. ఒత్తుగా నూగు ఉన్న మైక్రోఫైబర్ బట్టలో, అంటే అతి సన్నని కృత్రిమ దారాల బట్టలో, ఆ రేణువు నూగు లోపలికి వెళ్లిపోయే అవకాశం ఉంది. కారు ఆరబెట్టడానికి ప్రత్యేకంగా పెద్ద బట్టలు అమ్ముతారు. చదరపు మీటరుకు 600 గ్రాములకు పైన బరువున్నవి తీసుకుంటే ఒక్క బట్టతో కారు పైభాగమంతా తడి పీల్చవచ్చు. కొనగానే మూలన కుట్టిన లేబుల్ కత్తిరించాలి, ఒకసారి ఉతకాలి. నేల తుడిచే వైపర్ లాంటి రబ్బరు పట్టీని రంగు మీద లాగడం నాకు ఎన్నడూ నచ్చలేదు: దాని అంచున ఒక్క ఇసుక రేణువు చిక్కితే ఈ చివర నుంచి ఆ చివరకు ఒకే గీత పడుతుంది. అద్దానికి సరే.

తుడవడం అనే మాటే నిజానికి ఇక్కడ సరిపోదు, అద్దడం అనాలి. బట్టను కొద్దిగా తడిపి బాగా పిండుతాను, ఎందుకంటే ఎండి బిరుసెక్కిన బట్ట కంటే చెమ్మ ఉన్న బట్ట నీటిని త్వరగా లాగుతుంది. టాప్ మీద దానిని దుప్పటి పరిచినట్టు పరిచి, అరచేతులతో బరువు పెట్టకుండా ఒత్తి, పైకి ఎత్తి పక్కకు మారుస్తాను. బానెట్ మీద అయితే రెండు మూలలు పట్టుకొని నా వైపుకు నెమ్మదిగా జరుపుతాను. బట్ట తన బరువుతోనే కదలాలి, చేయి నొక్కకూడదు. గుండ్రంగా తిప్పుతూ రుద్దడం అసలే కూడదు. వేసవిలో టాప్, బానెట్, అద్దాలు ముందు ముగించాలి, ఎందుకంటే ఎండ తగిలేవి, వేడెక్కేవి అవే. తలుపుల సగం కింద నుంచి, అంటే చక్రాలు బురద చిమ్మే ఎత్తు నుంచి, రెండో బట్ట వాడతాను. చక్రాలకు మూడోది. ఈ మూడూ ఒకదాని చోట మరొకటి వాడకుండా మూడు రంగులవి పెట్టుకున్నాను.

బట్ట చేతి నుంచి జారి నేల మీద పడితే ఆ రోజుకు దాని పని అయిపోయినట్టే. దులిపితే పోతుందని నేనూ అనుకునేవాణ్ణి. ఒకసారి ఉతికి ఆరేసిన బట్ట గాలికి తీగ మీద నుంచి పెరట్లో పడింది. తీసి దులిపి మడత పెట్టాను. తర్వాతి ఆదివారం వాడబోయే ముందు ఎందుకో వేళ్లతో తడిమితే చురుక్కుమంది. నూగు విడదీసి చూస్తే పల్లేరు కాయ, రెండు ముళ్లు పైకి పెట్టుకొని, దారాల్లో చుట్టుకుపోయి ఉంది. దానితో బానెట్ తుడిచి ఉంటే ఏమయ్యేదో ఊహించలేను. అప్పటి నుంచి బట్టలను ఇంటి లోపలే ఆరేసి, మూత ఉన్న డబ్బాలో పెడుతున్నాను, వాడే ముందు రెండు వైపులా తడుముతున్నాను. వాటిని ఇంటి బట్టలతో కలిపి ఉతకకూడదు, నూలు పీచు పట్టుకుంటుంది; బట్టలకు మెత్తదనం, వాసన తెచ్చే ద్రవాలు వాడితే నూగు మీద పొర కట్టి నీరు పీల్చడం తగ్గిపోతుంది.

అంతా ఆరిందనుకున్న పది నిమిషాలకు సైడు అద్దం కింద నుంచి ఒక ధార తలుపు మీదుగా జారుతుంది. మచ్చలు ఎక్కువగా పడేది ఈ దాగిన నీటితోనే. సైడు అద్దాలు, తలుపుల పిడులు, కిటికీ రబ్బరు, వెనుక లైట్ల సందులు, నంబరు ప్లేటు వెనుక, పెట్రోలు మూత, డిక్కీ కాలువ ఇవన్నీ నీటిని దాచుకుంటాయి. కంప్యూటర్ దుమ్ము ఊదే చిన్న కరెంటు బ్లోయర్ ఉంటే ఒక్కో సందులో నాలుగు క్షణాలు ఊది, బయటికి వచ్చిన నీటిని వెంటనే అద్దుతాను. బ్లోయర్ లేకపోతే తలుపులు, డిక్కీ రెండుసార్లు తెరిచి మూసి, పది నిమిషాలు ఆగి మళ్లీ అద్దవచ్చు. ఆ తర్వాత కాలనీలో ఒక చుట్టు తిప్పి, నాలుగైదు సార్లు బ్రేకు వేసి తెస్తాను. డిస్కులు తడితో తుప్పు పట్టకుండా ఆరతాయి, సందుల్లో మిగిలిన నీరు కూడా బయటపడుతుంది.

ఎంత చేసినా ఒకటి రెండు మచ్చలు పడనే పడతాయి. కొత్త మచ్చకు వంటింటి తెల్ల వెనిగర్‌ను అంతే నీటితో కలిపి, మెత్తని బట్టను తడిపి, నీడలో మచ్చ మీద ఒకటి రెండు నిమిషాలు ఉంచాలి. చింతపండుతో ఇత్తడి బిందె గార వదిలినట్టే ఆ పులుపుకు సున్నం కరుగుతుంది. వెంటనే మంచి నీటితో కడిగి అద్దాలి; అక్కడ మైనం పోతుంది కాబట్టి మళ్లీ వేయాలి. దీనికి లొంగకపోతే మచ్చ క్లియర్ కోట్‌లోకి దిగినట్టు. అప్పుడు పాలిష్ తప్పదు, ప్రతి పాలిష్ ఆ పలుచని పొరలో కొంత తీసేస్తుంది కాబట్టి మాటిమాటికీ వేయించకూడదు. మా వీధిలో ఒకరు ముందు అద్దం మీద మచ్చలకు బాత్‌రూమ్ యాసిడ్ వాడారు. అద్దం నుంచి జారిన యాసిడ్‌తో కింది రబ్బరు తెల్లబడింది, వైపర్ చేయి రంగు లేచిపోయింది. దయచేసి దాని జోలికి పోకండి.

పోయిన దసరా పొద్దున బండికి పూజ చేయాలని ఐదున్నరకే కారు కడగడం మొదలుపెట్టాను. అరుగు మీద కూర్చొని చూస్తున్న మా నాన్న లేచి వచ్చి, నీలం బట్ట తీసుకొని టాప్ మీద పరిచి, నాలాగే అరచేతులతో ఒత్తారు. సైడు అద్దం కింద వేలు పెట్టి చూసి, "ఇంకా కారుతుంది బిడ్డా, జెరసేపు ఆగు" అన్నారు. అది కూడా ఆరాకనే పసుపు, కుంకుమ పెట్టాము, రంగు మీద కాకుండా ముందు అద్దం మీద.